నువార్ బాబాయి

నువార్ అనే చీకటి క్రైం నవలలు చదివేవాళ్లతో ఎవరికీ ఇబ్బంది లేదు. చదివి ఊరుకోలేనివాళ్లతోనే చిక్కు. అలాంటి బాబాయి ప్రతి అపార్టుమెంటులోనూ ఒకాయన ఉంటాడు.

కుర్రతనంలో ఈయనా అద్దె పుస్తకాల కొట్లో కొమ్మూరి సాంబశివరావు నవలలు తెచ్చుకుని, డిటెక్టివ్ యుగంధర్‌ని నమ్ముకున్నవాడే. రిటైరయ్యాక ఓ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నువార్ రచయిత రేమండ్ చాండ్లర్ అట్ట ఊడి దొరికాడు. యుగంధర్ మీద మనసు విరిగిపోయింది. "హంతకుడు దొరకగానే లోకం బాగుపడిపోతుందా? నమ్మబుద్ధేస్తుందటోయ్?" అంటాడు. చమురు కంపెనీలో ఉద్యోగం ఊడిన చాండ్లర్, యాభయ్యేళ్లకి, 1939లో, తొలి నవల 'ది బిగ్ స్లీప్' తెచ్చాడని చెప్పేటప్పుడు బాబాయి గొంతు పూడుకుపోతుంది. తనకీ టైముందని ధీమా. అప్పటికే అరవై రెండు దాటాయని మనం గుర్తుచెయ్యకూడదు.

పుస్తకం సిఫార్సు చెయ్యడంలో ఆయనకో పద్ధతుంది: మనిషి చేసే పనిని బట్టి ఇవ్వడం. పోస్ట్‌మేన్‌కి జేమ్స్ ఎం. కెయిన్ 1934లో రాసిన 'ది పోస్ట్‌మేన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్' ఇచ్చాడు. అతను ఎం.ఏ. ఇంగ్లీషు. చదివేసి తెచ్చిచ్చాడు. "మొగుణ్ణి చంపే పెళ్లాం ఉంది, ప్రియుడున్నాడు, హోటలుంది. పోస్ట్‌మేనేడి సార్?" నిజమే, ఆ నవలలో పోస్ట్‌మేన్ లేడు.

క్యాబ్ ఎక్కితే డ్రైవర్‌కి దారిపొడుగునా 'బిగ్ స్లీప్' కథే. "ఇంతకీ అందులో ఆ కారు డ్రైవర్ని చంపిందెవరు సార్?" అని అడిగాడతను. బాబాయి మొహం వెలిగిపోయింది. ఆ నవలని సినిమా తీస్తూ హోవర్డ్ హాక్స్ అదే ప్రశ్న వేస్తే, తనకీ తెలియదన్నాడట చాండ్లర్! డ్రైవర్ గేరు మార్చాడు. "అంతేలెండి. పోయింది డ్రైవరు కదా, ఎవడు పట్టించుకుంటాడు?" నువార్ మీద ఇంతకన్నా పదునైన విమర్శ నేనైతే వినలేదు.

మొన్న బీమా ఏజెంటు వస్తే, పాలసీ మాట ఎత్తనివ్వకుండా 'డబుల్ ఇండెమ్నిటీ' చేతిలో పెట్టాడు. "చదివే తీరికేదండీ, కథ చెప్పెయ్యండి" అన్నాడతను, పని జరగాలి కదా. ఇంకేం! బీమా ఏజెంటే కస్టమరు భార్యతో చేతులు కలపడం, కస్టమర్ని చంపడం, రైల్లోంచి జారిపడ్డట్టు నమ్మించడం, ప్రమాదమైతే సొమ్ము రెట్టింపు రావడం... బాబాయి చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాడు. కాఫీలు తెచ్చిన పిన్ని గుమ్మంలోనే నిలబడి ఆఖరిదాకా వింది. కాపురానికొచ్చాక ఆయన చెప్పిందేదైనా ఆవిడ పూర్తిగా వినడం అదే మొదలు.

"బాబూ, ఆ రెట్టింపు వచ్చేది మావారి పాలసీలో ఉందా?"

"యాక్సిడెంట్ బెనిఫిట్ అంటారమ్మా. ప్రీమియం కాస్త పెరుగుతుంది, అంతే" అంటూ ఏజెంటు బ్యాగులోంచి ఫారం తీశాడు.

బాబాయి కాఫీ ముట్టుకోలేదు.