హారానికి తలంటు

మా అంగళ్లు ఊరి పక్క బంగారం మెడలో ఉండేది తక్కువ, బ్యాంకులో ఉండేది ఎక్కువ. టమోటాకు ధర పలికితే ఇంటికొస్తుంది, పడిపోతే కుదువకు పోతుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద దాటినప్పుడు ఎన్ని హారాలకు విడుదల దొరికిందో బ్యాంకువాళ్లకే తెలియాలి. మా ఇంటి హారం కూడా అప్పుడే బయటపడింది.

ఆ వెంటనే పుంగనూరులో పెళ్లి. ఇంకేం, హారానికి తలంటు! సలహాలకు కరువా? చిన్నత్త టూత్‌పేస్ట్ అనింది. పక్కింటి వదిన నిమ్మకాయ తెచ్చేసింది. ఇంటర్ చదివే మేనకోడలు ఫోన్ చూసి కూల్‌డ్రింక్‌లో నానబెడదామనింది. మా అవ్వ ఎవరికీ జవాబు చెప్పకుండా కుంకుడుకాయలు కొట్టి గోరువెచ్చని నీళ్లలో వేసింది. "పేస్ట్‌తో పండ్లు తోముకోండి, బంగారాన్ని తోమబాకండి" అనింది.

అవ్వ రసాయన శాస్త్రం చదవలేదు గానీ మాట మాత్రం నిజం. పేస్ట్‌లో గరుకు పొడి ఉంటుంది. 916 నగలో వెయ్యికి 916 పాళ్లు బంగారమే, అది మెత్తన. రుద్దితే సన్నటి గీతలు పడతాయి. చెమట, నూనె జిడ్డు వదలడానికి కుంకుడు నురగ, పసిపిల్లల మెత్తటి బ్రష్ చాలు. ఇక నిమ్మకాయ సంగతి. ముత్యం, పగడం రెండూ సున్నపురాయి జాతివే. పులుపు తగిలితే నునుపు పోతుంది, పోయింది మళ్లీ రాదు. వాటిని తడిగుడ్డతో తుడిచి ఊరుకోవాలి; నానబెడితే దారం చీకిపోతుంది. పాతకాలపు కెంపుల కింద లక్క ఉంటుంది, వేడినీళ్లు పోస్తే రాళ్లు వదులై ఊడొస్తాయి.

ఇంతలో మా పిన్ని తన హారం కూడా గిన్నెలో వెయ్యబోయింది. అవ్వ చేత్తో ఎత్తి చూసి, "దీనికి తలంటొద్దులే, పొడిగుడ్డ చాలు. ఇది వన్ గ్రామ్‌ది, పూత పోతుంది" అనేసింది. అది అయిదు సవర్లని పిన్ని ఊరంతా చెప్పుకోనుండె. హారం రంగు నిలిచింది, పిన్ని రంగే పోయింది.

ఈ ఉత్సవంలో నాకిచ్చిన పదవి బేసిన్ కాపలా. కొళాయి కింద నగ కడగకూడదని అవ్వ చట్టం. సీలలు, రవ్వలు ఎప్పుడు జారతాయో తెలియదు. కడిగిన నీళ్లు కూడా పంచె గుడ్డలో వడగట్టాకే పారబొయ్యాలి. నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే న్యాయమే. ఈ బంగారం కోసమే కుప్పం పక్క చిగరుగుంటలో గని తవ్వారు, ఆ అవతల కోలారులో మూడు కిలోమీటర్ల లోతుకు దిగారు. కోలారులో ఆఖరికి టన్ను రాయికి మూణ్ణాలుగు గ్రాములు మించక 2001లో మూసేశారు. ఆచారులు అంగట్లో ఊడ్చిన దుమ్ము కూడా పారెయ్యరు. దాన్ని కొనుక్కుని కడిగి, రజను తీసుకునేవాళ్లున్నారు. అలాంటిది మనం బేసిన్ కుమ్మరించేస్తామా?

తుడిచి ఆరబెట్టి, ఒక్కో నగను వేరే మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టండి. అన్నీ ఒకే డబ్బాలో పోస్తే ఒకదాన్నొకటి గీరుకుంటాయి.

ఒక్క మాట. "నగలకు మెరుగు పెడతామమ్మా" అని వీధిలో కేకేసేవాళ్లకు ఇవ్వబాకండి. మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం కలిపితే అయ్యే రాజద్రవం బంగారాన్నే కరిగిస్తుంది. వాడు నగను ముంచేది అందులోనే. నగ మీ ముందే తళతళలాడుతుంది, తూకం మాత్రం వాడి గిన్నెలో మిగిలిపోతుంది. వాడు ఎంత మర్యాదగా "అక్కా" అని పిలిచినా సరే, గేటు వేసెయ్యండి.