అణుమోటరు పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం

అణువు మోటరొకటి యంతరిక్షమునందు
నెమ్మదించి లాగు నెంత బరువు
తొందరున్నవాడు దూరమ్ముగానుండు
ఆక్సిడైజరేల యణువునకును

అవతారిక

2011లో తొలిసారి వెలువడి, 2015లో 1.0 వెర్షన్‌గా స్థిరపడిన కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే కంప్యూటర్ క్రీడలో, కెర్బిన్ గ్రహవాసులైన ఆకుపచ్చని కెర్బల్‌లను రాకెట్లెక్కించి పంపే క్రీడాకారుడు, దగ్గరి ఉపగ్రహమైన మన్‌ను చూసివచ్చి డూనా, జూల్ వంటి దూరగ్రహాలపై కన్ను వేసిన దశలో అతనికి అక్కరకు వచ్చే ‘నెర్వ్’ అనే అణు ఇంజన్‌ను గురించినది ఈ ఆటవెలది.

టీక

అణువు మోటరు = అణు విచ్ఛేదనంలో పుట్టిన వేడితో ద్రవాన్ని కాచి, ఆవిరిగా మార్చి వెనుకకు చిమ్మే యంత్రం. ‘ఇంజన్’ అనక ‘మోటరు’ అన్నందుకు కవిని తప్పుపట్టనక్కరలేదు. క్రీడలోని పట్టికలోనే దాని పేరు అలా ఉంది.

అంతరిక్షమునందు = గాలి లేనిచోట మాత్రమే. ఇది పాదపూరణకు వేసిన మాట కాదు. శూన్యంలో 60 కిలోన్యూటన్లు నెట్టే నెర్వ్, సముద్రమట్టంలో సుమారు 14 మాత్రమే నెడుతుంది. 3 టన్నులున్న ఆ యంత్రం సొంత బరువే అక్కడ 29 కిలోన్యూటన్లకు పైబడి ఉండగా, ఒక్క చుక్క ఇంధనమైనా లేకుండా సైతం తనను తాను లేపుకోలేదు. కనుక కక్ష్య దాకా దానిని వేరొక రాకెట్ మోసుకుపోవలసిందే.

ఎంత బరువు = ఎంత బరువునైనా. ఇచ్చట వ్యాఖ్యాత ఆగక తప్పదు, ఎందుకంటే ఈ మాటకు పై హద్దు లేకపోయినా కింది హద్దు ఉంది. ఇంధనం తన బరువుకు సమానమైన తోపును ఎన్ని సెకన్లు ఇవ్వగలదో చెప్పే కొలతను విశిష్ట ప్రచోదనం అంటారు. అది నెర్వ్‌కు 800 సెకన్లు, అంతే తోపునిచ్చే టెర్రియర్ అనే మామూలు ఇంజన్‌కు 345. అయితే టెర్రియర్ బరువు అర టన్నే. ఖాళీ ట్యాంకులతో కలిపి 10 టన్నుల సరుకుకు 10 టన్నుల ఇంధనం పోస్తే, నౌక మొత్తంగా మార్చుకోగల వేగం, అంటే క్రీడాకారులు డెల్టా-వి అనేది, నెర్వ్‌తో సెకనుకు సుమారు 4,480 మీటర్లు, టెర్రియర్‌తో 2,260. సరుకు ఒక టన్ను, ఇంధనం ఒక టన్ను అయినప్పుడు రెండింటికీ రమారమి 1,750 మీటర్లే దక్కుతుంది; అంతకన్నా చిన్న నౌకలో నెర్వ్‌ను బిగించేవాడు ఇంజన్‌నే సరుకుగా మోసుకుపోతున్నాడని గ్రహించాలి.

నెమ్మదించి = 10 టన్నుల సరుకు, 10 టన్నుల ఇంధనం, 3 టన్నుల నెర్వ్ కలిసిన ఆ 23 టన్నుల నౌక కెర్బిన్ కక్ష్య విడిచి డూనా దారి పట్టడానికి కావలసిన సెకనుకు 1,060 మీటర్ల వేగాన్ని చేర్చుకోవడానికి ఆరు నిమిషాలకు పైగా ఇంజన్ మండాలి; గ్రహాన్ని ఒక్కసారి చుట్టిరావడానికి పట్టేది అరగంటే కనుక, ఆ లోపల నౌక కక్ష్యలో ఐదోవంతు తిరిగిపోయి, ముక్కు చూపే దిక్కు వెళ్లవలసిన దిక్కు కాకుండా పోతుంది. నిర్ణీత బిందువుకు ముందు సగం, తరువాత సగం మండించడం అల్పోపాయం. వేగం ఎక్కువగా ఉన్నచోట మండించిన ఇంధనమే ఎక్కువ శక్తినిస్తుందన్న ఓబర్త్ సూత్రాన్ని నమ్మి, గ్రహానికి అతి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ కొద్దికొద్దిగా మండిస్తూ కక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి, ఆఖరి విడతలో బయటపడడం ఉత్తమోపాయం. అలా సాగదీసిన కక్ష్య మన్ దారిని తాకితే ఆ ఉపగ్రహం నౌకను పక్కకు లాగి లెక్కంతా చెడగొట్టవచ్చు.

తొందరున్నవాడు దూరమ్ముగానుండు = తొందరపడేవాడు ఈ యంత్రం జోలికి పోరాదని ఒక అన్వయం, గమ్యానికి దూరంగానే మిగిలిపోతాడని మరొకటి. తోపు చాలడం లేదని నెర్వ్ మీద నెర్వ్ తగిలించి, ఒక్కొక్క దానితో మూడేసి టన్నులు పెంచుకుంటూ పోయిన నౌకలను చూస్తే రెండవ అన్వయమే సాధువు.

ఆక్సిడైజరేల = ఇక్కడ ఏదీ కాలడం లేదు కనుక ప్రాణవాయువు నిచ్చే ద్రవంతో పని లేదు. 1.0కు పూర్వపు క్రీడలో నెర్వ్ రెండు ద్రవాలనూ తాగేది; కనుక పద్యకాలం 2015కు ముందుది కాదని తేలుతోంది. 180 పాళ్లు ఇంధనం, 220 పాళ్లు ఆక్సిడైజరు పట్టే మామూలు ట్యాంకులో రెండోదాన్ని ఖాళీచేస్తే సగానికి పైగా చోటు వ్యర్థమై, ట్యాంకు బరువు మాత్రం మిగులుతుంది. విమానాల కోసం ఉద్దేశించిన, ఇంధనం మాత్రమే పట్టే ట్యాంకులను వాడడం విజ్ఞుల మార్గం.

తాత్పర్యం

బరువైన నౌకతో దూరం పోదలచినవాడు నెర్వ్‌ను శూన్యంలో, విడతలుగా, ఆక్సిడైజరు లేకుండా వాడాలి.

విశేషం

ఈ యంత్రానికి మూలపురుషుడు అమెరికాలోని నెవాడా ఎడారిలో నేలమీదనే పరీక్షలు జరుపుకొని, 1973లో పథకం రద్దుకావడంతో అంతరిక్షం మొగం చూడని నెర్వా ఇంజన్. అది కాచి చిమ్మినది హైడ్రోజన్‌ను. అణువులు ఎంత తేలికైతే అదే వేడికి అంత వేగంగా వెలువడతాయి కనుక 800 సెకన్ల ఘనత అక్కడ హైడ్రోజన్‌కే చెల్లింది. కెర్బల్ విమానాల జెట్ ఇంజన్లలో మండే ద్రవాన్నే నెర్వ్‌లోనూ పోసి అదే 800 రాబట్టడం ఎలాగని పూర్వపక్షం చేసేవారు క్రీడాకర్తలను అడగాలి. పద్యకర్త దానికి బాధ్యుడు కాడు.