ఫ్నోం పెన్ ఆటోను

పుట్టింది మహారాష్ట్రలోని వాళూజ్‌లో. ఓడెక్కి కంబోడియా వచ్చి, రాజధాని ఫ్నోం పెన్ వీధుల్లో పడ్డాను. విజయవాడలోనో వరంగల్‌లోనో మీరెక్కే ఆటోకూ నాకూ రూపంలో పెద్ద తేడా లేదు. కాకపోతే ఇక్కడ బళ్లన్నీ రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కాబట్టి నా బేరాలు కుడి పక్క నుంచే ఎక్కుతాయి. మేం రాకముందు ఈ ఊళ్లో రాజ్యం రెమోర్క్‌ది. మోటారుసైకిలు వెనక తగిలించిన బండి అది. మమ్మల్ని జనం 'కాంగ్ బై' అంటారు, మూడు చక్రాలని.

వెనక సీటే నాకు బడి. మొదట వంటబట్టినవి దారి మాటలు: ఛ్వేంగ్ అంటే ఎడమ, స్డాం అంటే కుడి, త్రాంగ్ అంటే నేరుగా. తర్వాత బేరాల దగ్గర అంకెలు. ఖ్మేర్ లెక్క ఐదు దాకా పోయి మళ్లీ మొదటికొస్తుంది: ఆరంటే ఐదూ ఒకటి, తొమ్మిదంటే ఐదూ నాలుగు. రియెళ్లూ డాలర్లూ రెండూ చెల్లుతాయి. నాలుగు వేల రియెళ్లు దాదాపు ఒక డాలరు. ఇచ్చింది డాలర్లలో, చిల్లర రియెళ్లలో. ఆ కూడికలు మా యజమాని తృటిలో చేసేస్తాడు.

అంకెల కంటే నాకు నచ్చింది వరసలు కలుపుకోవడం. ఎక్కినవాళ్లు నాలుగు మాటలు కాగానే వయసడుగుతారు. ఆరా తీయడానికి కాదు, ఏమని పిలవాలో తేల్చుకోవడానికి. కాస్త పెద్దయితే అన్నయినా అక్కయినా 'బాంగ్', చిన్నయితే 'ఓన్', పిన్ని వయసామె 'మింగ్', మామ్మ 'యేయ్'. ముక్కూ మొహం తెలియని మనిషి కూడా రెండు వీధులు దాటేలోపు చుట్టమైపోతాడు. దండానికీ ఇలాంటి పద్ధతే ఉంది. ఈడువాళ్లకైతే చేతులు గుండె దగ్గర, పెద్దవాళ్లకు నోటి ఎత్తున, తల్లిదండ్రులకూ గురువులకూ ముక్కు దాకా, రాజుకూ భిక్షువులకూ కనుబొమల దాకా, దైవానికి నుదుటి మీద. ఎదుటి మనిషిని చూసీచూడగానే చేతులకే ఆ ఎత్తు తెలిసిపోతుంది.

బోర్డుల మీది లిపిని తెలుగువాళ్లు చూస్తే సంతోషిస్తారు. అదీ బ్రాహ్మి సంతానమే, పల్లవుల లిపి నుంచి ఎదిగింది. హల్లు కింద మరో హల్లు వత్తుగా కూర్చుంటుంది. మాటకూ మాటకూ నడుమ మాత్రం ఖాళీ ఉండదు.

తెల్లవారగానే వీధుల్లో బొగ్గుల మీద పంది మాంసం కాలుతుంటుంది. అన్నంతో కలిపి అదే వీళ్ల ఉదయపు టిఫిను. చెప్పుల్లేని కాళ్లతో భిక్షువులు వస్తారు. మా యజమాని నన్ను పక్కన ఆపి, తనూ చెప్పులు విడిచి, వంగి భిక్ష వేస్తాడు. పెళ్లిళ్ల కాలంలో రోడ్డుకు అడ్డంగా షామియానాలు వేసి మైకులు పెడతారు. మేం సందుల్లోంచి చుట్టు తిరిగి పోతాం, ఎవరూ విసుక్కోరు.

ఇంత తెలిశాక కూడా, ఈ మనుషులు నాకు అర్థమైంది ప్చుం బెన్ రోజుల్లోనే. ఫోట్రబోత్ మాసం, అంటే మన భాద్రపదం, బహుళ పక్షం పదిహేను రోజులూ పితృదేవతలవి. మన మహాలయ పక్షాలూ సాధారణంగా అప్పుడే. తెల్లవారుజామున నాలుగింటికి యజమాని తల్లి నువ్వులు కలిపిన అన్నం ముద్దలు పళ్లెంలో పెట్టుకుని నా వెనక సీట్లో కూర్చుంటుంది. పాపం ఎక్కువ మోసే ప్రేతాలు వెలుగు భరించలేవట, అందుకే చీకట్లోనే వత్‌కు, అంటే బౌద్ధాలయానికి, చేరాలి. గుడి చుట్టూ తిరుగుతూ ఆ ముద్దలు విసురుతారు. బెన్ అంటే పిండమే.

ఆ ముద్దలు ఆమె ఎవరికి వేస్తుందో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం సైనికులు ఈ నగరంలోకి వచ్చారు. ఆసుపత్రుల్లో రోగులతో సహా ఊరు ఊరంతటినీ పల్లెలకు తోలేశారు. 1979 జనవరి 7న వాళ్లు ఫ్నోం పెన్ వదిలి పారిపోయేనాటికి 15 నుంచి 20 లక్షల మంది పోయారు, ఆకలితో, రోగంతో, హత్యలతో. యజమాని తల్లి అప్పుడు చిన్నపిల్ల. నాన్నను ఒక రాత్రి తీసుకెళ్లారు, అన్నలిద్దరూ పనికని వెళ్లి తిరిగి రాలేదు. ఏ రోజున పోయారో, ఏ గోతిలో ఉన్నారో తెలియదు. తద్దినం పెడదామంటే తిథి లేదు. తిథి తెలియనివాళ్లకు మన దగ్గర మహాలయ అమావాస్య ఉన్నట్టే, ఆమెకు ఈ పక్షం ఉంది.

తమ కోసం ఎవరైనా వచ్చారా అని పితృదేవతలు ఏడు వత్‌లు వెతుకుతారని నమ్మకం. అందుకని ఆమె ఏడూ తిరుగుతుంది. ప్రతిచోటా ముందు నాన్న పేరు, తర్వాత అన్నల పేర్లు, చివర ఒక ముద్ద ఎవరూ లేనివాళ్ల పేరున. ఆ వేళల్లో మా యజమాని ఫోను కట్టేస్తాడు, ఎంత పెద్ద బేరమైనా ఒప్పుకోడు. ఈ ఏడాది ఇప్పటికి మూడు వత్‌లు అయ్యాయి. రేపటిది నది అవతల ఉంది కాబట్టి మూడున్నరకే బయల్దేరాలి. ముద్దలకు బియ్యం ఆమె ఇప్పటికే నానబోసింది.