నా అన్నవాళ్ళు లేని ఊరు

పలాస స్టేషన్లో రైలు కదిలేటప్పుడు కొత్త పెళ్ళికూతురి తల్లి ఏడుపులో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "నా అన్నవాళ్ళు ఒక్కరూ లేని ఊరికి పిల్లని తోలేస్తన్నాం." పక్కన పిల్ల తండ్రి తువ్వాలుతో కళ్ళొత్తుకుంటూ ఉంటాడు. ఆర్నెల్ల కిందట ఇదే పెద్దమనిషి "అల్లుడిది రైల్వే, సెంట్రల్ గవర్నమెంటు" అని ఊరంతా చాటుకుని, ఆ 'సెంట్రల్' అన్న ముక్క కోసం ఉద్దానంలో ఎకరం కొబ్బరితోట అమ్మాడు. రాష్ట్ర ప్రభుత్వమైతే అరెకరంతో పోయేది. దూరానికేమైనా తగ్గింపు ఉందా అని అడగాలని ఆయనకి తట్టనే లేదు. తోట అమ్మి మరీ దూరం కొనుక్కుని, కొన్నాక దాన్ని చూసి ఏడవడం మా జిల్లాకే చెల్లింది.

ఆ పెళ్ళికూతురు ఎవరని అడక్కండి. ప్రతి ఏడాదీ ఒకమ్మాయి ఉంటుంది. ప్రతి ఏడాదీ ఒక కుర్రాడు ఖాళీలెక్కువున్న రిక్రూట్‌మెంటు బోర్డు ఏదో చూసి టిక్కు పెట్టి, పరీక్ష రాసి, సౌత్ ఈస్టర్న్ రైల్వేలో పడి, ఖరగ్‌పూర్‌లో తేలతాడు. వాళ్ళందరినీ కలిపి ఒక్క జంట అనుకోండి.

నాకు ఆ తల్లి ఏడుపుతో పేచీ లేదు. ఆ మాటతోనే పేచీ. నా అన్నవాళ్ళు లేని ఊరా? ఖరగ్‌పూరా?

1900 ప్రాంతంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షను కట్టి, పక్కనే వర్క్‌షాపు పెట్టింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న లైను కూడా అదే కంపెనీ చేతికొచ్చింది. ఇటు చివర పనికి మనుషులు కావాలి, అటు చివర మనుషులకి పని కావాలి, మధ్యలో పట్టాలు ఎలాగూ వేసే ఉన్నాయి. అప్పట్నుంచి మా సికాకోలు జిల్లా ఇక్కడ దిగుతూనే ఉంది. మథురాకాటీ వేపో నీంపురా వేపో పొద్దున్నే నడవండి, "ఒలే, కొళాయొచ్చిందే" అన్న కేక వినపడకపోతే నన్నడగండి. గోల్‌బజారులో చింతపండు తెలుగులో బేరమాడొచ్చు. ఈ ఊళ్ళో నా అన్నవాళ్ళు లేకపోవడమేంటి? కాలు పెడితే ఒకడి కాలు తొక్కుతాం.

మా జంట రైలు దిగిన ప్లాట్‌ఫారం పొడుగు కిలోమీటరు మీద 72 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడుగైనది. 2013లో గోరఖ్‌పూరు ఆ పేరు ఎత్తుకుపోయింది, 2023లో గోరఖ్‌పూరు దగ్గర్నుంచి హుబ్బళ్ళి ఎత్తుకుపోయింది. మేం మాత్రం ఇప్పటికీ 'ప్రపంచంలోకెల్లా' అనే మొదలుపెడతాం. భూములన్నీ పోయినా కరణంగారు కరణంగారే కదా. ఆ పొడుగు వల్ల ఒక ప్రయోజనమైతే ఉంది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక బియ్యం బస్తా, ఆవకాయ జాడీ మోసుకుంటూ కొత్త జంట ఈ చివర్నుంచి ఆ చివరికి చేరేసరికి, వాళ్ళొచ్చిన కబురు కాలనీ అంతా చుట్టేస్తుంది.

సాయంత్రానికి మేం దిగిపోయాం. మేమంటే పెద్దలం, రెండు మూడు తరాలుగా ఇక్కడే పాతుకుపోయినవాళ్ళం.

"ఏ జిల్లా బావూ?"

"సికాకోలండి."

"మాదీ సికాకోలే! ఏ మండలం?"

"మందసండి."

"అబ్బో, మందసే! మా మరదల్నిచ్చింది అక్కడికే. ఊరు?"

ఊరు చెప్పాడు.

"ఊళ్ళో ఎటేపు? రామమందిరం దగ్గరా, చెరువు దాటాకా?"

ఇది దారి అడగడం అనుకునేవాడు పసివాడు. ఈ ప్రశ్నల బండి పాసింజరు. ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది, టీ తాగుతుంది, కుశలమడుగుతుంది, ఇకిలిస్తుంది. దిగాల్సిన చోటు మాత్రం ఒక్కటే. కులమేంటని మొహం మీద అడగం. పట్నమొచ్చి నూట ఇరవై ఏళ్ళయింది, ఆ మాత్రం సంస్కారం అబ్బింది. వీధి అడుగుతాం. మా ఊళ్ళలో వీధికీ కులానికీ తేడా పోస్టుమేనుకి కూడా తెలీదు.

రామమందిరం దగ్గరంటే, "ఆదివారం భోజనానికి మా ఇంటికే" అనేవాళ్ళం. మా కుర్రాడు చెరువు దాటాక అన్నాడు.

"మంచిది బావూ. ఏదైనా కావలిస్తే మొహమాటపడకు" అన్నాం. ఎవరి క్వార్టరు నంబరూ ఎవరం చెప్పలేదు. కొళాయి ఏ టైముకొస్తుందో కూడా చెప్పలేదు. టీ గ్లాసులు ఖాళీ చేసి లేచాం. మొదటి రెండు రోజులూ వాళ్ళ బిందెలు కూడా ఖాళీగానే ఉన్నాయని తర్వాత తెలిసింది.

ఆ దిగిన చోటు తాత్కాలికమే. రైల్వే క్వార్టరు చేతికొచ్చేదాకా అద్దె గది కావాలి కదా. కుర్రాడు ఆశగా తెలుగువాళ్ళ ఇళ్ళే వెతుక్కున్నాడు. మొదటింట్లో గది ఖాళీగా ఉంది, కిటికీలోంచి చీపురు కూడా కనపడుతోంది. ప్రశ్నల పాసింజరు చెరువు దాటగానే గది నిండిపోయింది. "మా తమ్ముడొస్తన్నాడు బావూ" అన్నాడు ఇంటాయన. రెండో ఇంట్లో కూడా తమ్ముడే వస్తున్నాడు. మూడో ఇంట్లో బావమరిది. ఆ తమ్ముళ్ళు ఏ రైలెక్కారో గాని ఇప్పటిదాకా దిగలేదు. ఆ గదులు ఇప్పటికీ ఖాళీనే. మా జంటకి గది చివరికి వేరేచోట దొరికింది.

చందా పుస్తకానికి మాత్రం ఈ పట్టింపులేమీ లేవు. వేసవిలో మాతా పూజలు. నెత్తిన ఘటాలు, వేపమండలు, పసుపు నీళ్ళు, వీధి వీధికీ డప్పులు. గ్యాసు కనెక్షను కంటే ముందు చందా రసీదు వచ్చింది మా జంటకి. అమ్మవారి ముందర అందరం ఒకటే. రసీదు పుస్తకం ముందర మరీ ఒకటే. డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు ఏ నోటు చెరువుకి ఏ పక్కనుంచి వచ్చిందో ఎవడు చూస్తాడు?

ఇక 'దూరం' సంగతి. అత్తగారు అయిదొందల పైచిలుకు కిలోమీటర్ల అవతల ఉంటారన్నది రైల్వే వారి లెక్క. నిజానికి ఆవిడ ఉండేది పోపులడబ్బా మీద. అక్కడే ఫోను నిలబెట్టి, వీడియో కాల్లో కోడలి చేత వంట చేయిస్తారు. "ఎన్ని కూతలొచ్చాయి?" "మూడండి." "నాకు రెండే వినపడ్డాయి." ఆ అమ్మాయి డిగ్రీలో ఫిజిక్సు చదివింది, సిగ్నలు ఆలస్యం గురించి చెప్పబోయింది. "ఎదురు మాట్లాడకు, పప్పు మాడతాది" అన్నారు ఆవిడ. ఒకే ఇంట్లో ఉన్న అత్తగారికి గుడికెళ్ళే వేళుంటుంది, కునుకు తీసే వేళుంటుంది. రోజుకి రెండు జీబీల అత్తగారికి అవేవీ లేవు. రాత్రి డేటా అయిపోతే తప్ప ఆ ఇంట్లో కొత్త కాపురం మొదలవదు.

అంత బెంగగా ఉంటే ఇంటికెళ్ళి రావచ్చు కదా అంటారు మీరు. రైల్వేలో పనిచేసేవాడికి రైలెక్కడమే కష్టం. సర్వీసు అయిదేళ్ళు నిండేదాకా ఏడాదికి ఒక్క సెట్టు పాసే. ఊరు దాటించిన రైల్వే, ఊరికి పంపడంలో అంత ఉదారత చూపించదు. టిక్కెట్టు కొనుక్కుందామంటే, 120 రోజుల ముందు తెరిచే రిజర్వేషను 2024 నవంబరు 1 నుంచి 60 రోజులైంది. సంక్రాంతికి ఇల్లు చేరాలనుకునేవాడు నవంబరు నెలలో పొద్దున్న ఎనిమిదింటికి ఫోను ముందు దేవుడి పటం ముందు కూర్చున్నట్టు కూర్చోవాలి. ఎనిమిదీ రెండుకి వెయిటింగు లిస్టు ప్రసాదం చేతికొస్తుంది.

"వైజాగు ట్రాన్స్‌ఫరు పెట్టుకో అల్లుడూ" అని మావగారు నెలకోసారి గుర్తుచేస్తారు, ఏదో చొక్కా మార్చుకోమన్నట్టు. 2003 దాకా వాల్తేరు, ఖరగ్‌పూరు ఒకే జోను. ఆ ఏడు ఏప్రిల్లో ఈస్ట్ కోస్ట్ రైల్వేకి గీత గీశారు, వాల్తేరు అటుపక్కకి పోయింది. 2019లో విశాఖకి సొంతంగా సౌత్ కోస్ట్ జోను ప్రకటించారు, 2025 జనవరిలో దాని ఆఫీసుకి శంకుస్థాపన చేశారు. శంకుస్థాపన ఫోటో మావగారు వాట్సప్‌లో పంపారు, కింద "ఇక వచ్చేయొచ్చు" అని రాసి. గీత దాటాలంటే సీనియారిటీ వదులుకుని వరసలో చివర నిలబడాలి. లేదంటే మ్యూచువల్. అంటే విశాఖలో ఉద్యోగం చేస్తూ, ఖరగ్‌పూరు కోసం కలవరించే మనిషిని వెతికి పట్టుకోవాలి. గ్రేడు కలవాలి, కేటగిరీ కలవాలి, ఇద్దరు ఆఫీసర్ల మనసూ కలవాలి. పెళ్ళికి ముప్పైరెండు గుణాలు కలిపిన సిద్ధాంతిగారు కూడా మ్యూచువల్ జాతకం చూడనన్నారు.

ఇంతకీ మేం, అంటే ఇక్కడి తెలుగు పెద్దలం, ఏమంత తక్కువ తినలేదు. మైకు దొరికితే మేమంతా ఒక్కటే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇస్తామంది. 2021లో ఎన్నికలు రావడం కేవలం కాకతాళీయం. స్వీట్లు పంచుకున్నాం. మా ఉపన్యాసాల్లో వి.వి. గిరిగారు తప్పకుండా వస్తారు. 1920ల చివర్లో ఇదే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో తీసేసిన కార్మికుల కోసం సమ్మె నడిపి, 1969లో రాష్ట్రపతి అయిన మనిషి. ఉద్యోగాలు పీకేటప్పుడు కంపెనీ ఎవర్నీ 'ఏ వీధి' అని అడిగి ఉండదు. అడగడానికి మనవాళ్ళం మనం ఉన్నాం కదా.

'మన' అన్న మాట ఉతికిన కొద్దీ కుంచించుకుపోయే చవక చొక్కా లాంటిది. హోదా కావలసినప్పుడు మన తెలుగువాళ్ళు. చందా కావలసినప్పుడు మన జిల్లావాళ్ళు. గది అద్దెకివ్వవలసినప్పుడు మనవాళ్ళు. ఆ చివరి చొక్కా మా ఇంటివాళ్ళకే సరిపోతుంది, అదీ బొత్తాలు పెట్టుకోకపోతే. హిజ్లీ జైలు భవనంలో 1951లో మొదలైన ఐఐటీకి వచ్చే తెలుగువాడు, వర్క్‌షాపుకి వచ్చే తెలుగువాడు ఒకే రైల్లో వస్తారు, ఒకే ప్లాట్‌ఫారం మీద దిగుతారు, ఆటోల దగ్గర విడిపోతారు. మళ్ళీ కలిసేది తిరుగు రైల్లోనే, అదీ వెయిటింగు లిస్టులో.

శ్రావణంలో ఒక రాత్రి అమ్మాయికి జ్వరం కాసింది. అతను రాత్రి డ్యూటీ. "ఏదైనా కావలిస్తే మొహమాటపడకు" అన్న పెద్దలం పదిమందిమి ఆ చుట్టుపక్కలే ఉన్నాం. తలుపు నంబర్లు తెలీక ఆ పిల్ల మాలో ఎవరి తలుపూ కొట్టలేదు. పక్కింటి తలుపు కొట్టింది. అక్కడుండే బెంగాలీ బౌది, అంటే వదినమ్మ, రిక్షా పిలిచి, ఆసుపత్రికి తీసుకెళ్ళి, తెల్లవారాక ఇంటికి తెచ్చి, గిన్నెలో మురీ పోసి చేతికిచ్చింది. విశాఖ బీచిలో నిమ్మకాయ పిండుకుని తినే మురీయే, ఇక్కడ జ్వరానికి పథ్యం.

బౌది ఏమీ అడగలేదనుకోకండి. అంత గొప్పవాళ్ళు ఏ భాషలోనూ ఉండరు. రిక్షాలోనే అడిగింది: "మీ టైటిలేంటి?" వాళ్ళకి టైటిలంటే ఇంటిపేరు. అందులోనే వాళ్ళకి కావలసిందంతా ఉంటుంది. అమ్మాయి తన ఇంటిపేరు చెప్పింది. నాలుగు అక్షరాలు, రెండు ఒత్తులు. బౌది రెండుసార్లు పలకబోయి, నాలిక మడతపడి, వదిలేసి, కొళాయి టైములు చెప్పింది: పొద్దున్న అయిదున్నర, సాయంత్రం నాలుగు. మన కులం బెంగాలీ లిపిలో చదవడానికి రాదు. మా జంటకి ఈ ఊళ్ళో దొరికిన మొదటి చుట్టం అలా దొరికింది.

ఏడాది గడిచింది. మొన్న ఇంకో జంట దిగింది. అవే ట్రంకు పెట్టెలు, అదే జాడీ. పెద్దలం టీ వేళకి బయల్దేరాం. నేనే ముందర. గొంతు సవరించుకుని "ఏ జిల్లా బావూ" అనబోతుండగా, మా చెరువు దాటిన అమ్మాయి నిండు బిందె చంకనెత్తుకుని మమ్మల్ని దాటుకుంటూ వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళిపోయింది.

"ఇది వాడుకోండి. కొళాయి పొద్దున్న అయిదున్నరకి, మళ్ళీ నాలుక్కి. నాలుక్కొచ్చేది సన్నగా ఉంటాది, రెండు బిందెలే పట్టుకోండి. మాది ఎడంపక్క మూడో తలుపు. రాత్రైనా కొట్టండి."

అంతే. బిందె దింపి వెళ్ళిపోయింది.

తిరిగొస్తుంటే మాలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. చివరికి ఒకాయన తేల్చాడు:

"చూశారా? ఏ ఊరని మాటవరసకైనా అడగలేదు. పెద్దా చిన్నా పద్ధతి తెలీని పిల్ల."

అందరం తలూపాం. నేను కాస్త గట్టిగానే ఊపాను.