‘ఇల్లు అమ్మబడును’: సటీకా తాత్పర్యం

మూలం: బోడుప్పల్‌లో 150 గజాల ఇండిపెండెంట్ హౌస్. ఈస్ట్ ఫేసింగ్. హండ్రెడ్ పర్సెంట్ వాస్తు. క్లియర్ టైటిల్. ఉప్పల్ మెట్రోకు 10 నిమిషాలు. మధ్యవర్తులు వద్దు.

అవతారిక: కరెంటు స్తంభాన వెలసిన ఈ శాసనానికి కర్త అజ్ఞాతుడు. ఫోను నెంబరు మాత్రం మూడుచోట్ల ఉన్నది.

టీక:

ఇండిపెండెంట్ హౌస్: పరగృహంతో గోడ పంచుకొననిది. పక్కింటి పోపుకు మనవాళ్లు తుమ్మడం స్వాతంత్ర్యానికి భంగం కాదు.

ఈస్ట్ ఫేసింగ్: స్పష్టం.

హండ్రెడ్ పర్సెంట్ వాస్తు: విశేషణమన్నది వ్యావర్తకం కావలెనని తార్కికులు. అనగా, ఒకదాన్ని మరొకదాని నుంచి వేరు చేసి చూపాలి. తొంభై శాతం వాస్తు గల ఇల్లు ఏ స్తంభం మీదా అమ్మకానికి రాలేదు గనుక ఈ విశేషణం వ్యర్థం. మీమాంసకుల లెక్కన ఇది అర్థవాదం. పొగడ్తే గాని స్వతంత్ర ప్రమాణం కాదు.

క్లియర్ టైటిల్: ఇచ్చట కొంత నిలవవలెను. కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన కొలిచెల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఆ మహానుభావుడి ముందు ఈ ఇంటి కాగితాల కట్ట పెడితే ఏమయ్యేది? మూల దస్తావేజు అడిగితే జిరాక్సు వస్తుంది. పట్టాదారు ఇంకొకరికి జీపీఏ, అనగా తన తరఫున వ్యవహరించే అధికారపత్రం, ఇచ్చాడు. జీపీఏదారు పరకాయప్రవేశం చేసి ప్లాట్లు అమ్మాడు. రిజిస్టరైన సేల్ డీడు లేకుండా ఉత్త జీపీఏతో అమ్మినంత మాత్రాన హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. తర్వాత కొన్నాయన కూతురికి గిఫ్టు డీడు రాశాడు. ఆమె అన్న దగ్గర నాన్నగారి వీలునామా ఉందట. రిజిస్టరు చేయని వీలునామా కూడా చెల్లుతుంది, కానీ ఈసీలో, అనగా రిజిస్టరైన లావాదేవీల జాబితాలో, కనపడదు. అందుకే ఈసీ నిర్మలంగా ఉన్నది! రామాయణానికి పాఠాంతరాలుంటే పండితులు కొట్టుకుంటారు. ప్లాటుకు పాఠాంతరాలుంటే సివిల్ కోర్టులో మనవలు కొట్టుకుంటారు. పండితుల తగవుకు వాయిదాలైనా ఉండవు.

ప్రకృతానికి వద్దాం.

10 నిమిషాలు: తెల్లవారుజామున మూడు గంటలకని అధ్యాహారం. ఆ వేళ మెట్రో నడవదు గనుక విరోధాభాసం. మిగతా వేళల్లో, ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ అని 2018లో పనులు మొదలుపెట్టి, ఆ దారిన ఎన్ని వానాకాలాలు జనాన్ని గుంటల్లో దింపి లేపారో అక్కడి ఆటోవాళ్లను అడిగితే అలంకారాలు లేకుండా చెబుతారు.

మధ్యవర్తులు వద్దు: ఫోనెత్తినవాడే మధ్యవర్తి.

తాత్పర్యం: అమ్మేవాడి గొప్పలకు నవ్వి ఊరుకోవచ్చు. ‘క్లియర్’ అనే మాటకు పూచీ ఎవరిది? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజే. ఇల్లు అమ్మినవాడిదేనన్న హామీ అందులో లేదు. తెలంగాణలో స్టాంపు, ట్రాన్స్‌ఫర్, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం కట్టి, బొటనవేలికి సిరా పూయించుకుని బయటికొచ్చిన మనిషి, ఇల్లు తనదో కాదో తెలుసుకోవడానికి లాయరుకు వేరే ఫీజు ఇచ్చుకోవాలి. ఆయన రాసిచ్చే లీగల్ ఒపీనియన్ చివర కూడా ‘నాకు చూపిన జిరాక్సుల మేరకు’ అనే ఉంటుంది. అంత సొమ్ము పుచ్చుకున్న సర్కారు, హక్కు ఎవరిదో ఒక్క వాక్యంలో రాసిచ్చి దాని కింద సంతకం పెడితే, ఈ టీకతో ఎవరికీ పని ఉండదు.