గ్యాసే అయ్యుంటుంది

తెలుగువారి ఇళ్లలో ఛాతీనొప్పికి తొలి రోగనిర్ణయం ఆసుపత్రిలో కాక వంటింటి గుమ్మం దగ్గరే జరిగిపోతుందనీ, ఆ నిర్ణయం దాదాపు ఎప్పుడూ ‘గ్యాస్’ అనే ఒక్క మాటేననీ చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. నొప్పి వచ్చిన మనిషి ఛాతీ మీద చెయ్యి వేసుకునేలోపే రాత్రి తిన్న మిరపకాయ బజ్జీల లెక్క బయటికి వస్తుంది. ఒకరు వాము నలుపుతుంటే మరొకరు సోడా కోసం వీధి చివరికి పరుగెడతారు. ఫోనులో పరామర్శించిన మేనమామ “నరం పట్టేసుంటుందిరా, కాస్త జండూబామ్ రాయించుకో” అని రెండో సిద్ధాంతం ప్రతిపాదిస్తాడు. మూడోది దిష్టి సిద్ధాంతం. దీని ప్రకారం నిప్పుల్లో వేసిన ఎండుమిరపకాయలు ఘాటెక్కకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు, ఘాటెక్కితే మాత్రం ఇంటిల్లిపాదీ దగ్గుతారు గనుక రోగికి ఛాతీనొప్పి ఇంకాస్త పెరిగినట్టు.

వీటిలో మొదటి సిద్ధాంతాన్ని వైద్యశాస్త్రం కూడా కొట్టిపారేయదు. ఆహారాన్ని గొంతు నుంచి జీర్ణాశయానికి చేర్చే అన్నవాహిక గుండెకు వెనకగానే దిగుతుంది. ఆ రెండింటి బాధనూ మోసుకెళ్లే నాడులు వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోట చేరతాయి కాబట్టి, ఫిర్యాదు ఎవరిదో మెదడుకు సరిగా అంతుపట్టదు. పైగా, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్ర రక్తనాళాలతోపాటు అన్నవాహిక కండరాన్నీ సడలిస్తుంది. అందువల్ల మాత్రకు తగ్గింది కాబట్టి గుండెనొప్పే అనే వాదానికీ, త్రేన్పుతో తగ్గింది కాబట్టి గ్యాసే అనే వాదానికీ తర్కంలో సమానమైన విలువే ఉంది. ఆ విలువ ఏమంత ఎక్కువ కాదు.

మేనమామ సిద్ధాంతమూ తీసిపారేయదగ్గది కాదు. పక్కటెముకలు రొమ్ముటెముకతో కలిసేచోట ఉండే మృదులాస్థి, అంటే మెత్తని ఎముక, నొప్పి పెట్టడం తరచు కనిపించేదే. వాపు పైకి తెలిసే రకాన్ని జర్మన్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ టీట్జె 1921లో వర్ణించాడు. అక్కడ వేలితో నొక్కితే అదే నొప్పి పలుకుతుంది. ఈ సంగతి తెలిసిన రోగి పూటకు పదిసార్లు నొక్కి చూసుకుంటూ, తగ్గబోయే నొప్పిని తానే పోషించుకుంటాడన్నది మాత్రం పాఠ్యగ్రంథాలు పట్టించుకోని విషయం. ఇక అమెరికా అంతర్యుద్ధ సైనికుల్లో ఛాతీనొప్పి, దడ, ఆయాసం ఉన్నా గుండెలో లోపమేదీ కనబడని స్థితిని జేకబ్ డకోస్టా అనే వైద్యుడు 1871లో విపులంగా నమోదు చేశాడు. తుపాకీ ముఖమెరుగని గుమాస్తాలకు మార్చి నెలాఖరులో అదే బాధ ఎందుకొస్తుందో ఊహించడం కష్టం కాదు.

చివరికి ఆసుపత్రికి వెళ్తే, గుండెలోని విద్యుత్ కదలికను గీతలుగా చూపే ఈసీజీ, గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌కు పరీక్ష, అవసరమైతే నడిచే పట్టీ మీద నడిపించే ట్రెడ్‌మిల్ పరీక్ష వరసగా జరుగుతాయి. అన్నీ బాగున్నాయని తేలినప్పుడు రోగి ముఖంలో సంతోషంతోపాటు, ఇంత డబ్బు పోసినందుకు చిన్నదైనా ఏదో ఒకటి దొరక్కపోయిందే అన్న వెలితి కూడా తొంగిచూస్తుంది. బత్తాయిలతో చూడవచ్చిన బంధువులు కారణం అడిగితే చెప్పడానికి పేరున్న జబ్బొకటి ఉండాలి. ‘ఏమీ లేదట’ అన్నది మర్యాదైన జవాబు కాదు. “నేనప్పుడే చెప్పానుగా, గ్యాసని!” అనే విజయప్రకటన వినడం ఆ బాధకు కొసరు.

అయితే గుండెపోటు మొదట్లో తొలి ఈసీజీ మామూలుగానే కనబడవచ్చు; మధుమేహం ఉన్నవారికీ వృద్ధులకూ అసలు నొప్పే లేకుండా ఆయాసంతోనో వాంతితోనో గుండెపోటు రావచ్చు. కాబట్టి గ్యాస్ అనే తీర్పు పరీక్షలన్నీ అయ్యాక చెప్పవలసిందే తప్ప ముందు కాదు. ఛాతీలో బరువు ఎడమ చేతికో దవడకో పాకి, చల్లటి చెమటలు పడుతుంటే, పాఠకులు వాము డబ్బా అక్కడే ఉంచి ముందు 108కి ఫోన్ చేయాలి. సోడా తర్వాతైనా తాగవచ్చు.