భూగోళం బాబాయ్

తెర మీద ఏ రాజు ఏ రాజ్యం ఏలుతున్నాడో మనకింకా అంతుపట్టకముందే, సోఫా చివరి నుంచి ఒక గొంతు లేస్తుంది. "ఆ ఊరు అసలెక్కడిదో తెలుసునా?" ఆ గొంతు మా భూగోళం బాబాయ్‌ది. మీ ఇంట్లో ఆయన పెదనాన్న కావచ్చు, బావగారు కావచ్చు, ఎదురు ఫ్లాటాయన కావచ్చు. మనిషి మాత్రం ఆయనే.

మా బాబాయ్ ఎరువుల కంపెనీలో తిరుగుళ్ళ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మ్యాపులో లేని ఊరంటే ఆయనకి గిట్టదు. "అది కల్పిత లోకం బాబాయ్" అని సర్దిచెప్పబోతే, "కల్పించడానికైనా సరుకు ఎక్కడో ఒకచోట ఎత్తుకురావాలిగా!" అంటాడు. ఆ మాటలో తప్పేం లేదు. ఎత్తుకొచ్చిన చోటుకి పిన్‌కోడ్ కూడా చెప్పితీరాలన్న పంతం దగ్గరే గొడవ. 1951లో 'పాతాళభైరవి' చూసి ఉజ్జయినికి రైలు టిక్కెట్టు కొన్నవాళ్ళెవరూ లేరు. బాబాయ్ అప్పటికి పుట్టివుంటే కొనేవాడు.

ఈ సంక్రాంతికి పిల్లలు 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పెట్టుకున్నారు. మా అమ్మాయి పుస్తకాలూ చదివింది, రచయిత ఉత్తరాలూ చదివింది. టోల్కీన్ 1967లో రాసిన ఒక ఉత్తరంలో తన లోకానికి అక్షాంశాలు చెప్పాడని నోరు జారింది. హాబిట్లుండే హాబిటన్ సుమారుగా ఆక్స్‌ఫర్డ్ అక్షాంశం మీద ఉంటుందట. మినాస్ తిరిత్ కోట అక్కడికి 600 మైళ్ళు దక్షిణాన, ఇటలీలోని ఫ్లారెన్స్ అక్షాంశం మీద ఉంటుందట. పెలార్గిర్ రేవు ప్రాచీన ట్రాయ్ నగరం అక్షాంశం దగ్గర.

ఇంకేముంది! సినిమా ఆగిపోయింది. పిల్లల స్కూలు అట్లాసు భోజనాల బల్ల మీద పరుచుకుంది. స్కేలు పొట్టిదైపోయిందని బాబాయ్, పిన్ని పూలు కట్టుకునే దారం తెచ్చాడు. ఆక్స్‌ఫర్డ్ మీద ఉప్పు డబ్బా పెట్టాడు, ఫ్లారెన్స్ మీద పచ్చడి గిన్నె. ట్రాయ్ దొరక్క టర్కీ అంచంతా కళ్ళద్దాలు ఎత్తి దించి వెతికి, చివరికి అక్కడ ఆవకాయ టెంక ఒకటి నిలబెట్టాడు. "ఏమండీ, ఆ దేశాలు కాస్త జరిపితే ఉప్మా పెడతాను" అంది పిన్ని. ఆయన వినలేదు. దారం ఇంకా కిందకి సాగింది. మధ్యధరా దాటింది, ఈజిప్టు దాటింది, ఎర్రసముద్రం వెంట దిగి పదిహేడో డిగ్రీ దగ్గర ఆగింది.

"ఇదుగో, ఇదీ మన హైదరాబాదు వరస. అంటే ఆ లోకంలో మనం హరద్ దేశంలో ఉన్నట్టు!"

"తాతయ్యా, హరద్ వాళ్ళు విలన్ పార్టీ" అన్నాడు మావాడు. "ఏనుగులెక్కి వచ్చి మంచివాళ్ళ గోండోర్ రాజ్యం మీద పడేది వాళ్ళే."

బాబాయ్ ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ వెంటనే మొహం చాటంతైంది. "ఏనుగులా! నే చెప్పలే? మనవాళ్ళే!"

నవ్వుకున్నాం గానీ, పిల్లాడన్న మాట కొట్టిపారేసేది కాదు. ఇంగ్లీషువాళ్ళు గీసిన కల్పిత పటాలు చాలావాటిలో మంచివాళ్ళు వాయవ్యాన కాపురముంటారు, దండెత్తి వచ్చేవాళ్ళు తూర్పు నుంచో దక్షిణం నుంచో వస్తారు. పటం గీసేవాడు తన ఇంటి గుమ్మంలో కూర్చునే గీస్తాడు మరి. టోల్కీన్ పుట్టింది దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్‌లో, 1892లో. మూడేళ్ళప్పుడు ఇంగ్లండు వచ్చేశాడు. తర్వాత బర్మింగ్‌హామ్ పక్కన సేర్‌హోల్ అనే పల్లెలో నాలుగేళ్ళున్నాడు. అక్కడి పిండిమర, ఏరు, చెట్లు అన్నీ కలిసి హాబిట్ల సీమ షైర్ అయ్యాయి. విక్టోరియా రాణి వజ్రోత్సవం నాటి వార్విక్‌షైర్ పల్లెలాంటిదే అది అని ఆయనే రాశాడు. ఆ మర ఇప్పటికీ ఉంది. లండన్‌లో ఉన్న కూతురు తీసుకెళ్తే బాబాయ్ దాని ముందు ఫొటో దిగివచ్చాడు. ఫొటోలో మర సగమే ఉంది, బాబాయ్ పూర్తిగా ఉన్నాడు.

బాబాయ్‌కి బద్ధశత్రువులు వేరే ఉన్నారు. వాళ్ళని ఆయన 'షూటింగ్ బ్యాచ్' అంటాడు. కెమెరా ఎక్కడ పెడితే అదే అసలు చోటనుకునే జనం. వాళ్ళకి నాయకుడు ఆయన తోడల్లుడే. ఆయన ప్యాకేజీ టూరులో క్రొయేషియా వెళ్ళి, డుబ్రోవ్నిక్ కోటగోడల మీద నడిచి, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాజధాని కింగ్స్ ల్యాండింగ్ చూసొచ్చానని పెళ్ళిలో పదిమందిలో చెప్పాడు. బాబాయ్ విస్తరి ముందు నుంచి లేచినంత పని చేశాడు. "మొదటి సీజన్‌లో మీ రాజధాని మాల్టాలో ఉండేది, అది తెలుసా? దానికి మూలమైన మార్టిన్ పుస్తకం వచ్చింది 1996లో, సీరియల్ మొదలైంది 2011లో. పదిహేనేళ్ళ తర్వాత కెమెరా వాళ్ళు ఎక్కడికి పోతారో ఆయనకి ముందే కలొచ్చిందా?" న్యూజిలాండ్‌లో మటమటా దగ్గర గొర్రెల పొలంలో కట్టిన హాబిటన్ మీదా ఇదే వాదన. టోల్కీన్ న్యూజిలాండ్ గడప తొక్కనేలేదు. ఈ విషయంలో నా ఓటు బాబాయ్‌కే.

మార్టిన్ కథలోని గోడ గురించి చెప్పేటప్పుడు బాబాయ్ ఉత్సాహం చూడాలి. ఇంగ్లండు ఉత్తరాన రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 122లో కట్టించడం మొదలుపెట్టిన గోడ ఉంది. పొడవు 117 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 15 అడుగులు. 1981లో మార్టిన్ దాని మీద నిలబడి, అవతల నుంచి ఏమొచ్చి పడుతుందోనని కాపలా కాసిన రోమన్ సిపాయి మనసు ఊహించుకున్నాడు. పుస్తకంలోకి వచ్చేసరికి అది 300 మైళ్ళ పొడవు, 700 అడుగుల ఎత్తున్న మంచుగోడైంది. "ఎకరానికి ఎంత పండిందని రైతునడిగితే కూడా ఇలాగే చెప్పేవాళ్ళు" అంటాడు బాబాయ్. మార్టిన్ కల్పించిన వెస్టెరోస్ ఆకారం కోసం అట్లాసులో ఐర్లండును తలకిందులు చేసి చూపిస్తాడు. నిజంగానే దాని కిందిభాగంలా ఉంటుంది. ఆ పేజీ మడతపడి, చినిగి, ఇప్పుడు సెల్లోటేపు మీద బతుకుతోంది.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, రచయితలు బాబాయ్ కోరినట్టు ఒక్కచోటి నుంచి దొంగిలించరు. నార్నియా సంగతే చూడండి. పేరు ఇటలీలోని నార్ని ఊరిది. ప్రాచీన ఇటలీ అట్లాసులో ఆ పేరు చూసి నార్నియా రచయిత లూయిస్ ముచ్చటపడ్డాడు. కొండలు మాత్రం ఆయన పుట్టిన ఉత్తర ఐర్లండులోని మోర్న్ కొండలు. వెలుగు ఒక రకంగా పడ్డప్పుడు వాటి వెనక నుంచి ఏ రాక్షసుడో తలెత్తుతాడనిపించేదట ఆయనకి. ఇది విని బాబాయ్‌కి ఒళ్ళు మండింది. "పేరొకచోట, పొలమొకచోటా? ఇదేం రిజిస్ట్రేషను?"

టోల్కీన్ దగ్గరా ఇదే తంతు. రివెండెల్ లోయ 1911లో కాలినడకన తిరిగిన స్విట్జర్లండులోని లౌటర్‌బ్రునెన్‌కి బాగా దగ్గర. శవాలు తేలే చిత్తడి నేలలకి 1916లో తాను పోరాడిన సోమ్ యుద్ధభూమి రుణం ఉందని ఆయనే ఒప్పుకున్నాడు. "మరి మోర్డోర్ ఎక్కడ తాతయ్యా?" అనడిగితే మాత్రం బాబాయ్ అట్లాసు తెరవడు. "మే నెలలో రామగుండం" అని తేల్చేస్తాడు. ఎరువుల మనిషి, ఎండ తెలిసినవాడు.

రచయిత కాదన్నా బాబాయ్ వెనక్కి తగ్గడు. మియజాకి తీసిన 'స్పిరిటెడ్ అవే' సినిమాలోని స్నానాల భవంతికి తైవాన్‌లోని జియుఫెన్ ఊరు మూలమని లోకమంతా నమ్మింది. అక్కడి ఎర్రలాంతర్ల టీ దుకాణం ముందు ఫొటోలకి క్యూ కడతారు. మియజాకి స్వయంగా అది కాదన్నాడు. "ఆయనకేం తెలుసు?" అన్నాడు బాబాయ్. ఊళ్ళవాళ్ళు ఆయన్ని మించినవాళ్ళు. 'అవతార్' ఆడుతుండగానే, 2010 జనవరిలో, చైనాలోని జాంగ్‌జియాజియే వాళ్ళు తమ రాతిస్తంభం ఒకదానికి సినిమాలోని కొండల పేరే పెట్టేశారు. ఆ తేలే కొండలు మావంటే మావని హువాంగ్‌షాన్ వాళ్ళూ తగువుకొచ్చారు. బాబాయ్ ఆ వార్త కత్తిరించి దాచుకున్నాడు.

ఇక మనింటి సంగతి. 'బాహుబలి'లో మాహిష్మతి పేరు వినగానే బాబాయ్ సీట్లో కూర్చోలేకపోయాడు. మాహిష్మతి నర్మద ఒడ్డున వెలిసిన నిజమైన నగరం, పురాణాల్లో కార్తవీర్యార్జునుడి రాజధాని. ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మహేశ్వరే అదని ఎక్కువమంది పండితుల మాట. అంతవరకూ బాగానే ఉంది. సినిమాలోని జలపాతం మాత్రం కేరళలోని అతిరాప్పిళ్ళిది, అసలు ఎత్తు 80 అడుగులకి అటూ ఇటూ. నర్మద ఒడ్డు రాజ్యానికి కేరళ నీళ్ళెలా వచ్చాయన్నది ఆయనకి ఇప్పటికీ తీరని క్షోభ.

ఆ కసి అదే కథలోని కుంతల రాజ్యం మీద తీర్చుకున్నాడు. దేవసేన పుట్టిల్లు చూపిస్తానని వానాకాలంలో అందరినీ వ్యాన్లో ఎక్కించి ఆదిలాబాద్ జిల్లా కుంతాల జలపాతానికి తీసుకెళ్ళాడు. కడెం వాగు సుమారు 150 అడుగుల నుంచి కింద పడుతుంటే మేం తడిసి, పులిహోర తిని, పరవశించిపోయాం. తిరుగుదారిలో మా అమ్మాయి మెల్లగా, "చరిత్రలో కుంతల దేశమంటే ఉత్తర కర్ణాటక వైపు కదా తాతయ్యా?" అంది. బాబాయ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "సరిహద్దులదేముందమ్మా, జరుగుతుంటాయి" అన్నాడు.

మీకూ మాహిష్మతి చూడాలని ఉంటే రెండు దారులున్నాయి. సెట్టు చాలనుకుంటే హైదరాబాదు శివార్లలో రామోజీ ఫిల్మ్‌సిటీకి వెళ్ళండి. ఊరే కావాలంటే ఇండోర్‌లో దిగి మహేశ్వర్ బస్సెక్కండి. రెండో దారిన బాబాయ్‌ని వెంట తీసుకెళ్ళండి, ఘాట్ల మీద ఒక్క మెట్టూ వదలకుండా చూపిస్తాడు. మొదటి దారిన వెళ్తే మాత్రం ఆయనకి చెప్పకండి.